మామ్మ వాళ్ళ పెద్దమ్మ సమాధికి వేసిన సున్నం

అందరికీ వందనాలు. మా పక్కింటి మామ్మ మంగళవారం పొద్దున నిద్రలోనే చనిపోయారు. మన చర్చి గ్రూపులో నేనెప్పుడూ ఏం పెట్టను, మీకు తెలుసు. కానీ మామ్మ గురించి చెప్పాలి. తప్పులుంటే ఏమనుకోకండి, తెలుగు ఏడో తరగతితో ఆపేసినోణ్ణి.

మామ్మ ఐరిష్ ఆవిడ. ఎనభై ఆరేళ్ళు. ఐర్లండ్‌లో, ఈ నేవన్ ఊళ్ళో మా పక్కిల్లు. పేరు పెట్టి పిలవమన్నారు, నాకు నోరు రాలేదు. మామ్మా అన్నాను. అంటే ఏంటన్నారు. గ్రానీ అని చెప్పా. "అయితే గ్రాండ్" అన్నారు. ఇక్కడ బాగుందనడానికి అలాగే అంటారు.

లాక్‌డౌన్‌లో పెద్దోళ్ళు బయటికి రాకూడదుగా. అమ్మ ఆస్పత్రి డ్యూటీకి పోతే నేనే మామ్మకి పాలు, బ్రెడ్డు తెచ్చి గుమ్మంలో పెట్టి దూరంగా నిలబడేవాణ్ణి. ఆవిడ కిటికీ తీసి మాట్లాడేవారు. నేను ఊ కొట్టేవాణ్ణి, అంతే. "నీకంటే మా గేటు నయం, కిర్రుమనైనా అంటది" అనేవారు.

ఎప్పుడూ వాళ్ళ పెద్దమ్మ కబుర్లే. మనలాగే వీళ్ళనీ ఇంగ్లీషోళ్ళే ఏలారంట. తిరగబడ్డోళ్ళలో ఒకాయనతో పెద్దమ్మకి పెళ్ళి కుదిరింది. ఆయనకి మరణశిక్ష వేసి జైల్లో కాల్చేశారు. శవం కూడా ఇవ్వకుండా సున్నం పోసి పూడ్చేశారంట. పెద్దమ్మ ఇంకెవర్నీ చేసుకోలేదు. సైకిల్ సీటు కింద తిరగబడ్డోళ్ళ ఉత్తరాలు దాచి మోసింది. దొరికిపోయి తనూ జైలుకెళ్ళింది. వచ్చాక బళ్ళో ఆడపిల్లలకి లెక్కలు చెప్పింది. ఆయన పేరు రోడ్డుకి పెట్టారు. ఈవిణ్ణి మాత్రం డెబ్భై ఏళ్ళొచ్చినా 'ఆయన్ని ప్రేమించిన పిల్ల' అనేవారంట.

"ఆయన ఒక్క పూట ధైర్యంగా నిలబడ్డాడు. మా పెద్దమ్మ యాభై ఏళ్ళు నిలబడింది" అనేవారు మామ్మ. అది చెప్పేటప్పుడు కుర్చీలో నిటారుగా కూర్చునేవారు.

ఏటా మే నెలలో, ఆయన్ని కాల్చిన రోజున, మామ్మ ఆ పెద్దమ్మ సమాధి దగ్గరికెళ్ళి ఆవిడ పూర్తి పేరు గట్టిగా మూడుసార్లు పిలిచేవారు. ఒక్క ఏడూ మానలేదు. పోయినేడు కుదరలేదు.

"నువ్వెళ్తావా బాబూ? నేను పిలవకపోతే ఆ పేరు పలికేవాళ్ళే లేరు."

నాకు బస్సు డ్రైవర్‌కి థాంక్స్ చెప్పాలన్నా సిగ్గే. అయినా తలూపాను. ఇంటి నుంచి దాటొద్దన్న రెండు కిలోమీటర్ల లోపే కాబట్టి గార్డులు, అదే ఇక్కడి పోలీసులు, కూడా ఆపరు.

వెళ్తే రాయంతా నాచు. నాకు బాధేసింది. మన ఊళ్ళల్లో నవంబర్లో సమాధుల పండక్కి సున్నం వేయలేదంటే ఆ చనిపోయినోళ్ళకి అయినోళ్ళు లేరనేగా! మామ్మ పెరటి గోడకి నేనేసిన సున్నం సగం బకెట్ మిగిలుంది. పరిగెత్తి తెచ్చి, రాయి కడిగి, తెల్లగా వేశా. అక్షరాల్లో పడింది గోరుతో తీశా. అప్పుడే కుక్కతో వచ్చిన ఒకాయన "ఏం పాడుపని అది!" అని అరిచాడు. ఇక్కడ సమాధులకి సున్నం వేయరంట. నాకేం తెలుసు? పేరు పిలవకుండానే పారిపోయొచ్చా.

సున్నం వేశాక ఫోన్లో తీసిన ఫొటో కిటికీ దగ్గర చూపించా. మామ్మ కళ్ళజోడు పెట్టుకుని చూశారు.

"పేరు పిలిచావా?"

"లేదు."

"మరి ఇదెందుకేశావు?"

"మా ఊళ్ళో అయినోళ్ళకి వేస్తాం మామ్మా."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత నవ్వారు. "ఆయనకి శత్రువులు పోశారు. ఈవిడకి నువ్వేశావు. ఉండనీ" అన్నారు. శ్మశానం వాళ్ళకి నా ముందే ఫోన్ చేసి, "మా ఇంటి అబ్బాయి వేశాడు. ఎవరూ గోకొద్దు" అన్నారు.

మా ఇంటి అబ్బాయి అన్నారండీ నన్ను.

సాయంత్రం మళ్ళీ వెళ్ళి పిలిచా.

"రోడ్డు దాకా వినబడిందా?" అని అడిగారు.

"నాకే సరిగ్గా వినబళ్ళేదు."

"వచ్చే ఏడు చూద్దాంలే."

నిన్న అంత్యక్రియలకి పదిమందినే రానిచ్చారు. మిగతా అందరం రోడ్డు పక్కన ఎడంగా నిలబడ్డాం. మామ్మకి పెద్దమ్మ పక్కనే చోటు. శవం కారు శ్మశానం గేటు దగ్గర నెమ్మదించింది. ఎవరూ చప్పుడు చెయ్యట్లేదు. నేను మాస్కు కిందకి లాగి పెద్దమ్మ పేరు మూడుసార్లు పిలిచా. తర్వాత మామ్మ పేరు, ఇన్నాళ్ళూ నోరు రాని పేరు, అదీ మూడుసార్లు. అమ్మ బిత్తరపోయి నావైపు చూసింది. రోడ్డుకి అటుపక్క కుక్కాయన టోపీ తీశాడు.

గోడ మీంచి చూస్తే అన్నీ నల్ల రాళ్ళే. ఒక్కటే తెల్లగా ఉంది. వానకి సున్నం కొంచెం కారి, పక్కన తవ్విన కొత్త మట్టి దాకా వచ్చింది.