సార్లు వస్తారని అలికిన ఇల్లు

మా అత్తగారిది నల్లగొండ జిల్లాలో వానకు మొహం వాచిన ఊరు. మృగశిర దాటినా చినుకు పడకపోతే ఆడపిల్లలు రోకలికి కప్పను కట్టుకుని ఇంటింటికీ తిరిగి దాని మీద నీళ్లు పోయించేవాళ్లు. జడ్చర్ల అవతలి నుంచి కోడలిగా వచ్చిన మొదటి ఏడు నేనూ చెంబెడు నీళ్లు పోశాను. ఆ నీళ్లకు కప్ప సంతోషించిందో, కోపగించుకుందో తెలియదు గానీ మరుసటి ఏడు వచ్చిన వాన మా వాడను ముంచింది. వరదలూ వరద సాయాలూ గోదావరి ఒడ్డు వాళ్లకే అనుకునేవాళ్లం. తీరా మా దాకా వచ్చేసరికి వరద కంటే సాయమే మమ్మల్ని ఎక్కువ ముంచింది. ఇన్నేళ్లయినా నాకా కోపం పోలేదు. పోవాలని కూడా లేదు.

మాది సాలోళ్ల వాడ. చెరువు కట్టకు దిగువన, పల్లంలో ఉండేది. వెనకటి పెద్దలు మిట్ట జాగాలన్నీ తమకు ఉంచుకుని, నేతపనికి నీళ్లు కావాలి కదా అని మా వాళ్లకు పల్లం ఇచ్చారట. ప్రతి ఇంట్లోనూ గుంట మగ్గమే. నడింట్లో నేలను మోకాలు దాటే లోతు తవ్వి, అంచు మీద కూర్చుని, గుంటలో కాళ్లు పెట్టి తొక్కుతూ నేసే మగ్గం. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే. పొద్దున మా మామ కూర్చునేవాడు, మధ్యాహ్నం నుంచి మా ఆయన. నేనూ మా అత్తా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేవాళ్లం. ఆ మగ్గం ఆడితేనే పొయ్యి వెలిగేది.

మగ్గం ఆగిపోయిన ఇంటి మగవాళ్లు షోలాపూర్ పోయేవాళ్లు. అక్కడి మరమగ్గాల మీద పని దొరికేది. పోయినవాళ్లు దసరాకు వచ్చేవాళ్లు, కొన్నేళ్లకు దసరాకు కూడా రావడం మానేసేవాళ్లు. మా పక్కింటామె మొగుడు అలాగే పోయి అలాగే ఉండిపోయాడు. షోలాపూర్ మాట ఎత్తితే మా వాడ ఆడవాళ్లకు గుండెల్లో రాయి పడేది. నాకు పెళ్లయి ఎన్నాళ్లో కాలేదు. మా ఆయన షోలాపూర్ పోకూడదు, అంతే. నేను మొక్కిన మొక్కులన్నీ దానికే.

ఆ ఏడు ముసురు పట్టింది. తెరిపి ఇవ్వలేదు. చెరువు కట్ట మట్టి పెళ్లలు పెళ్లలుగా జారుతోందని మేకలు కాసేవాళ్లు వచ్చి చెప్పారు. పటేలు గొడుగు వేసుకుని పోయి, చూసి వచ్చాడు.

"గంత ఫికర్ చేసేదేం లేదు. గీ కట్ట మా తాతల కాలంది" అన్నాడు.

తాతల కాలందని తెలిసే కదా మేం భయపడుతున్నది. ఆ మాట పటేలు మొహం మీద అనే ధైర్యం ఎవరికుంది. మరునాడు పొద్దున గట్క తింటుండగా కట్ట ఒక పక్కగా జారి కూలిపోయింది. అరుపులు విని పిల్లాజెల్లా అందరం బడి ఉన్న మిట్ట మీదికి ఉరికాం. మా మామ సగం దారిలో మగ్గం మీది పడుగు గుర్తొచ్చి వెనక్కి తిరిగితే, మా ఆయన ఆయన్ను నడుం పట్టుకుని లాక్కొచ్చాడు. ఎవరి ప్రాణమూ పోలేదు. అందుకు మాత్రం దేవుడికి దండం పెట్టుకున్నాం.

పొద్దు గూకే సరికి నీళ్లు తీశాయి. మా ఇళ్లు రాతి గోడలవి, కూలలేదు. గోడలు నిలబడటం మా అదృష్టమనుకున్నాం, ఎంత అమాయకులమో. లోపలికి పోయి చూస్తే మగ్గం గుంట అంచు దాకా ఒండ్రుతో పూడి ఉంది. మగ్గానికి నిలువునా లాగి కట్టే నూలును పడుగు అంటారు, అది బురదలో జడలు కట్టింది. పోగులను విడదీసే అచ్చు పళ్లు విరిగిపోయాయి. తొక్కుడు కర్రలు ఎటు కొట్టుకుపోయాయో తెలియలేదు. అవన్నీ మళ్లీ కొనే తాహతు మాకు లేదని ఇంట్లో అందరికీ తెలుసు. మా ఆయన నా వైపు చూడకుండా బయటికి పోయాడు. షోలాపూర్ మా గుమ్మం దాకా వచ్చి నిలబడిందని నాకప్పుడే అర్థమైంది.

మరునాడు కావలికారు డప్పు కొట్టుకుంటూ వచ్చాడు.

"రేపు సార్లు వస్తాండ్రు, నష్టం చూస్తరు. మునిగిన మగ్గాలకు సర్కారు కొత్త సామాను, నూలు ఇస్తదంట. అందరు ఇండ్లల్లనే ఉండుండ్రి."

నా ప్రాణం లేచి వచ్చింది. ఇక ఆయన ఎక్కడికీ పోడు.

ఇక్కడ మా వాడ చేసిన ఘనకార్యం చెప్పాలి. సాలోళ్ల ఇంట్లో మగ్గం గుంటను మురికిగా ఉంచరు. అందులో లక్ష్మి ఉంటుందని మా అత్త నమ్మకం. చెప్పుల కాళ్లతో ఎవరైనా దాని దగ్గరికి వస్తే ఊరుకునేది కాదు. పైగా పెద్దమనిషి ఇంటికి వస్తున్నాడు. అలుకూ ముగ్గూ లేని ఇంట్లో అడుగు పెట్టించడమంటే మాకు తల కొట్టేసినట్టే. డప్పు అటు మళ్లిందో లేదో వాడంతా చేటలూ తట్టలూ పట్టుకుని గుంటల్లోకి దిగింది.

మా ఆయన ఒక్కడే అడ్డం పడ్డాడు.

"ఉండనియ్యుండ్రి నాయినా. సార్లు చూసి పోయినంక తోడుకుందం. బురద చూస్తెనే గద వాళ్లకు ఎరుకైతది."

మా మామకు కోపం వచ్చింది. "మనమేమన్న బిచ్చగాండ్లమారా, పుండు చూపెట్టి అడుక్కోనీకి?"

"గంత పెద్దసారు బురదల కాలు వెడ్తడా?" అంది మా అత్త. "సాలోళ్లకు ఇల్లు అలుక్కునుడు గూడ రాదని నల్లగొండ దాక చెప్పుకుంటరు."

నాకు మా ఆయన మాటే సబబనిపించింది. కొత్త కోడలి మాట ఎవరికి కావాలి. మా అత్త నా చేతికి చేట ఇచ్చింది. నడుములు పడిపోయేదాకా ఎత్తిపోశాం. గుంట అడుగు తేలింది. పేడలో ఎర్రమట్టి కలిపి అంచులన్నీ అలికాం. మా అత్త నాలుగు పక్కలా ముగ్గు వేసింది. పెళ్లివారు వస్తున్నారన్నా మేం అంత శ్రద్ధగా చేసి ఉండం.

తెల్లారి ఎండ కాసింది. మా మామ పడుగును బావి దగ్గర జాడించి తెచ్చి, వీధిలో గుంజలు పాతి సాచాడు. ఎక్కడ తెగింది, ఎక్కడ అతికితే నిలుస్తుంది అని పోగు పోగూ చూసుకోవడానికి. వాడలో అందరూ అదే పని చేశారు. వీధి పొడుగునా పడుగులే. ఆ నూలు అటూ ఇటూ పరిగెత్తే నాడె దెబ్బకు ఆగదని, ఇసుక పట్టి ఎక్కడికక్కడ కోసుకుపోయిందని చేత్తో ముట్టుకుంటే తప్ప తెలియదు. దూరం నుంచి చూసేవాళ్లకు అది నేతకు గంజి పెట్టి పడుగులు ఆరేసుకున్న వాడ, ఎప్పటిలాంటి వాడ.

సార్లు జీపులో వచ్చారు. పట్నం నుంచి వచ్చిన పెద్దసారు, వెంట గిర్దావరు, పట్వారీ. ముందు చెరువు కింది పొలాలు చూశారు. పటేలు పశువుల కొట్టం కూలితే దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. ఆ తర్వాత మా వాడ మొదట్లోకి వచ్చారు. పెద్దసారు నడుం మీద చేతులు పెట్టుకుని వీధి చివరి దాకా చూశాడు. ఆయన మొహం విప్పారింది.

"శభాష్. వీళ్లను చూసి అందరు నేర్చుకోవాలె. నీళ్లు తీసినయో లేదో పని మొదలువెట్టిండ్రు" అన్నాడు.

మా మామ చేతులు జోడించాడు. "దొరా, గవి చెడిపోయిన పడుగులు. కడిగి సాచినం. గుంటలన్ని పూడినయి, నిన్ననే తోడినం."

"తోడుకున్నరు గద. మంచిది."

పెద్దసారు మా ఇంట్లోకి కూడా వచ్చాడు, బూట్లతోనే. మా అత్త ఆ బూట్ల వైపు ఒకసారి చూసింది. ఎక్కడి నుంచో అడిగి తెచ్చిన మజ్జిగ ఇచ్చింది. ఆయన ముగ్గు మీద నిలబడి తాగి, "ఇల్లు శుభ్రంగ పెట్టుకున్నరమ్మా" అని మెచ్చుకున్నాడు. మా అత్త మురిసిపోయింది. ఆ మురిపెం గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఎవరి గొంతు పిసకాలో తెలియదు. మా ఆయన వీధిలోకి పోయి పడుగులో నుంచి గుప్పెడు పోగులు తెంపుకొచ్చాడు.

"సార్, జర ముట్టి చూడుండ్రి. ముడితే తెగుతాంది" అన్నాడు.

"సారు చూసిండు గద. ఎన్నిసార్లు చూస్తడు" అని గిర్దావరు ఆయన్ను పక్కకు జరిపాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా విషయంలో దేవుడు కూడా మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

వాడ చివర ఒకాయన నేత మానేసి కల్లు దుకాణం పెట్టుకుని ఏళ్లయింది. ఆయన మగ్గం గుంట చెత్త పోసుకునే చోటు. ఆయన తోడనూ లేదు, అలకనూ లేదు. పెద్దసారు అక్కడికి పోయి తొంగి చూసి, ముక్కు మూసుకుని, అయ్యో పాపం అన్నాడు. కొత్త మగ్గం సామాను ఆయన ఒక్కడికే వచ్చింది. ఆ కర్రలతో ఆయన దుకాణానికి పందిరి వేసుకున్నాడు. ఆయన మీద నాకేం కోపం లేదు. మా అందరిలోకీ తెలివిగలవాడు ఆయనే.

మిగతా వాళ్లకు ఏమీ ఇవ్వలేదంటే పాపం వస్తుంది. పాలపొడి ఇచ్చారు. అదేమిటో తెలియక ఒకామె సున్నమనుకుని గోడకు పూసింది. తర్వాత బట్టల మూటలు వచ్చాయి. మమ్మల్ని బడి ముందు వరుసగా నిలబెట్టి, మగవాళ్లకు పంచె, ఆడవాళ్లకు చీర పంచిపెట్టారు. మిల్లు బట్టలు. సాలోళ్లకు. ఫోటో కూడా తీశారు. మా అత్త పెళ్లైన నాటి నుంచి మా మామ నేసిన చీర తప్ప కట్టలేదు. రెండు చేతులా తీసుకుని దండం పెట్టింది. ఇంటికొచ్చి ఆ చీరను మూలకు విసిరి కొట్టి కూలబడింది.

"గిది ఇచ్చే బదులు మొగం మీద ఉమ్మితె అయిపోవు" అంది.

మా మామ తహసీల్ కచేరీ చుట్టూ చెప్పులు అరిగేలా తిరిగాడు. సారు సొంత కండ్లతో చూసి పోయిండు, ఆయన చూసింది అబద్ధమా అన్నారట. కట్ట మళ్లీ పోసే పని పెట్టినప్పుడు మా మామ మట్టి తట్ట నెత్తిన పెట్టుకున్నాడు. కంటికి ఆనని పోగును పట్టుకునే వేళ్లు పారకు పొక్కులెక్కాయి. ఆ పనికి ఇంటెడు మందికి తిండి రాదు. ఒకరోజు పొద్దున మా ఆయన పట్నం బస్సెక్కాడు, అక్కడి నుంచి షోలాపూర్ రైలెక్కడానికి.

"ఒక్క ఏడు. మగ్గం సామానుకు అయినంక వచ్చేస్త" అన్నాడు పోతూ.

ఆయన పోయాక, అప్పటిదాకా నాకు తోచని సంగతి ఒకటి తెలిసొచ్చింది. అత్తామామలున్న ఒంటి గది ఇంట్లో మొగుడూ పెళ్లాలకు మాట్లాడుకునే చోటు ఉండదు. మాకు ఆ చోటు మగ్గమే. గుంట మగ్గం చప్పుడు మనిషి మాటకు అడ్డం రాదు, అట్లాగని పక్కవాళ్లకు మాట వినపడనివ్వదు. ఆయన నేస్తుంటే నేను పక్కన కండెలు చుడుతూ ఉండేదాన్ని. పెదవి కదిలీ కదలకుండా ఏవో చెప్పుకునేవాళ్లం. సంతలో చూసిన గాజుల గురించి, మా అత్త కోపం గురించి, పుట్టబోయే పిల్లల గురించి. మా కాపురమంతా గుసగుసల్లోనే నడిచింది.

ఒక్క ఏడు అన్నది చాలా ఏళ్లయింది. మధ్యలో దసరాలకు వస్తానని కబురు చేసి రాలేదు. చివరికి ఒక మధ్యాహ్నం వచ్చాడు, నాలుగు రోజులుండి మళ్లీ పోవడానికి. మనిషి సగమయ్యాడు. గుమ్మంలోనే నన్ను చూసి, "మంచిగున్నవానే?" అన్నాడు. ఆ మాట వాడంతా వినపడింది. నాకు సిగ్గేసింది. ఎవరి మీదో కోపంగా ఉన్నాడేమో అనుకున్నాను. కోపం కాదు. వందల మరమగ్గాల హోరులో నిలబడి నిలబడి చెవులు పోయాయి. తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియడం లేదు.

మా మామ అరుగు మీద ఉన్నాడు. మా అత్త పొయ్యి దగ్గర ఉంది. అన్నం పెట్టి పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్లూ దాచుకున్న మాట, ఆయన ఒక్కడే వినాల్సిన మాట, తల వంచుకుని మెల్లగా అన్నాను. "ఈసారి నన్ను గూడ తీస్కపో. ఒక్కదాన్ని ఉండలేకపోతున్న."

ఆయన ముద్ద ఆపి, నా మొహం వైపు చూశాడు.

"ఆఁ? ఏందే? జర గట్టిగ చెప్పు" అని అరిచాడు.

అరుగు మీద మా మామ అటు తిరిగి కూర్చున్నాడు. పొయ్యి దగ్గర మా అత్త చేతిలో గరిటె ఆగింది.

"ఏం లేదు, తిను" అని గట్టిగా చెప్పాను.