పంచదార పడని పిల్ల

"పాప అస్సలు ముట్టనివి ఏమైనా ఉన్నాయా?" అని డాక్టర్ అడిగింది.

నాకు నవ్వొచ్చింది. "తీపి ఏదైనా సరే, పళ్ళు బిగించేస్తుంది. పరమాన్నం, అరటిపండు, యాపిల్, దేనికీ నోరు తెరవదు. నేను వదుల్తానా? కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, బుగ్గలు నొక్కి, ఉగ్గుగిన్నెతో పోసేస్తాను," అన్నాను. ఏదో ఘనకార్యం చేసినట్టు చెప్పాను, సిగ్గులేకుండా.

ఆవిడ టైప్ చేయడం ఆపేసింది. "ఇవాళ్టి నుంచి పంచదార, పళ్ళు, తేనె, ఏవీ వద్దు. బ్లడ్ టెస్ట్ చేద్దాం," అంది.

పాపకి పదహారు నెలలు. బరువు పెరగడం లేదు, తిన్న గంటకల్లా వాంతి, ఒళ్ళంతా చెమటలు. దిష్టి అనుకుని, అమెరికాలో మేముండే కాపెల్ ఊళ్ళో, అపార్ట్‌మెంట్‌లోనే ఎండుమిరపకాయలు కాల్చి స్మోక్ అలారం మోగించాను. నీరసం తగ్గాలని వాంతి అయిన ప్రతిసారీ యాపిల్ జ్యూస్ పట్టించాను. అమ్మో, ఆ జ్యూస్!

మూడు వారాలకి జెనెటిక్ టెస్ట్ రిజల్ట్ వచ్చింది. డాక్టర్ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. పంచదార కడుపులోకి వెళ్ళాక రెండు ముక్కలవుతుందట: ఒకటి గ్లూకోజ్, రెండోది ఫ్రక్టోజ్. పళ్ళలో, తేనెలో, బెల్లంలో కూడా ఆ రెండోది ఉంటుంది. దాన్ని విడగొట్టే ప్రోటీన్ ఒకటి మన లివర్‌లో పనిచేస్తూ ఉంటుంది. మా పాపకి అది పనిచేయదు. దాన్ని తయారుచేసే జీన్‌లోనే తప్పుంది. ఆ తప్పు ఒకటి నా నుంచి, ఒకటి మా ఆయన నుంచి వచ్చింది. మాకిద్దరికీ ఏమీ కాలేదు, ఎందుకంటే ఏ జీన్ అయినా ఎవరికైనా రెండు కాపీలుంటాయి, మాలో రెండోది బాగుంది.

"లివర్ ఇప్పటికే వాచింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే పెట్టి ఉంటే బతకడం కష్టమయ్యేది," అంది.

మా ఆయన ఏదో అడుగుతున్నాడు, నాకు వినబడలేదు. నేను ఆఫీసులో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టింగ్ లీడ్‌ని. ఒకే తప్పు రెండోసారి కనబడితే ఎవర్నీ ఊరుకోను. ఇంట్లో నెలల తరబడి అదే తప్పు నా చేత్తో నేనే చేశాను. పాలు మానిపించాను, జ్యూస్ బ్రాండ్లు మార్చాను, పిల్లది మొండిఘటమని అందరికీ చెప్పుకున్నాను. మాటలు రాని పిల్ల తనకి పడనిదేదో తెలుసుకుని నోరు మూసుకుంటే, ఆ నోరు బలవంతంగా తెరిచింది నేనే కదా!

ఇంటికి రాగానే పెరుగన్నం మెత్తగా కలిపాను. అందులో పెరుగు, అన్నం, ఉప్పు తప్ప ఏమీ లేవు. ఆకలికి అప్పటికే ఏడుస్తోంది. గిన్నె పట్టుకుని "రా తల్లీ" అన్నాను. తీపి మాని మూడు వారాలైనా, నన్ను గిన్నెతో చూడగానే ఏడుపు ఆపేసి, గబగబా వెళ్ళి వాళ్ళ నాన్న కాళ్ళ వెనక దాక్కుంది. గిన్నె ఆయన చేతికిచ్చాను. ఆయన చేత్తో పెడితే ఒక్క మెతుకు మిగల్చకుండా తినేసింది.