బ్రేకుల బేరం

ఆ వీధిలో ఎవరు ఏం కొనాలన్నా బేరాల బాబాయిని వెంటబెట్టుకుని వెళ్ళాల్సిందే. మంచానికైనా, ఫ్యానుకైనా, పాత సైకిలుకైనా ఆయన ఉండాలి. కొట్టువాడు ధర చెప్పగానే గుండె మీద చెయ్యి వేసుకుని, "అమ్మో!" అంటూ ఒక అడుగు వెనక్కి వేసేవాడు. ఆ అడుగుకే పదో వంతు రాలేది. అప్పటికీ కుదరకపోతే విసవిసా గుమ్మం దిగిపోయేవాడు. నాలుగడుగులు వేసేలోగా వెనకనుంచి పిలుపు వచ్చి తీరేది. చెప్పిన ధర చెప్పినట్టు ఇవ్వడం ఆయన పుట్టి బుద్ధెరిగాక జరగలేదు.

ఇంత చేసే మనిషి తన టైలరింగు షాపు గోడకు మాత్రం "ఇక్కడ బేరాలు లేవు" అని బోర్డు తగిలించుకున్నాడు. ఎవరైనా నోరు విప్పబోతే, "కూలి తగ్గిస్తే కుట్లు తగ్గుతాయమ్మా. రేపు నలుగురిలో చంక దగ్గర చిరిగితే నన్ననకూడదు మరి," అనేవాడు.

ఆయనకు ఒక్కతే కూతురు. సొంతంగా పికప్ బండి కొనుక్కుని, అద్దాల కంపెనీ నుంచి కిటికీ అద్దాలు ఇళ్ళకు చేరవేస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్క అద్దానికి గీటు పడనివ్వలేదని బాబాయికి మహా గర్వం. అలాంటి బండికి ఒకరోజు బ్రేకు తొక్కితే పెడలు నేలదాకా దిగిపోవడం మొదలైంది. మర్నాడు పొద్దున్నే నిండు లోడుతో కొండ దిగాలి. కూతురు మెల్లగా నడిపి బండిని బ్రేకుల మెకానిక్ షెడ్డులో పెట్టింది. ధర మాట్లాడే పని బాబాయి తన నెత్తిన వేసుకున్నాడు. ఎవరూ వేయలేదు, తనే వేసుకున్నాడు.

మెకానిక్ అసలే మితభాషి. నాలుగు చక్రాలూ విప్పి, ముందు ప్యాడ్లు రేకుదాకా అరిగిపోవడం, వెనక సిలిండరులోంచి ఆయిలు కారడం చూపించాడు. "సామానూ, కూలీ కలిపి ఎనిమిది వేలు అవుతుంది బాబాయిగారూ," అన్నాడు.

బాబాయి చెయ్యి గుండె మీదికి వెళ్ళింది. "అమ్మో! ఐదిస్తా. ఇష్టమైతే చెయ్యి, లేకపోతే బండి తీసుకెళ్ళిపోతా."

మెకానిక్ ఒక క్షణం విప్పిన చక్రం వైపు చూసి, "సరే," అన్నాడు.

అంతే, రెండో మాట లేదు! బాబాయి చంకలు గుద్దుకుంటూ ఇంటికి వచ్చి, భోజనం దగ్గర కూతురికి తన ఘనకార్యం పూసగుచ్చినట్టు చెప్పాడు. కూతురు అంతా విని, "ఆ మూడు వేలూ ఏ చక్రంలోంచి తగ్గించావు నాన్నా?" అంది.

"ఏ చక్రమేంటే?"

"కూలి తగ్గిస్తే కుట్లు తగ్గుతాయని నువ్వే కదా అంటావు. మరి బ్రేకుల్లో ఏం తగ్గుతాయో!"

నవ్వుతూ అనేసి ఆమె చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళింది. బాబాయి కళ్ళ ముందు రేపటి ప్రయాణం కదిలింది. కొండ దారి, వెనక నిండా అద్దాలు, స్టీరింగు ముందు తన పిల్ల. చేతిలో ముద్ద కంచంలో వదిలేసి లేచాడు. ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి కూతురి చెప్పు తొడుక్కుని షెడ్డుకి పరుగెత్తాడు.

మెకానిక్ బండి కింద పడుకుని ఉన్నాడు.

"ఏం తగ్గించావయ్యా? నిజం చెప్పు!"

"ఏమీ తగ్గించలేదు. అన్నీ కొత్తవే వేశాను. సగం బ్రేకులు వెయ్యడం నాకు రాదు."

"మరి ఐదుకి ఎలా ఒప్పుకున్నావు?"

"సామానుకే ఐదు. నా కూలి వదులుకున్నా," అన్నాడు కిందనుంచే. "బేరం కుదరకపోతే మీరు చెప్పినట్టే వెళ్ళిపోతారని ఊరంతా అంటారు. ఆ బ్రేకులతో అమ్మాయి రేపు కొండ దిగితే? అది ఆలోచించి సరే అన్నాను."

బాబాయి ఇన్నేళ్ళ బేరాల్లో ఎన్నడూ పడనంత సిగ్గు పడ్డాడు. తన పిల్ల గురించి తనకు రావలసిన ఆలోచన పరాయివాడికి వచ్చింది.

"వచ్చారుగా, కాస్త బండెక్కి పెడలు తొక్కండి. బ్రేకు ఆయిలు గొట్టాల్లో చేరిన గాలి తీయాలి," అన్నాడు మెకానిక్.

బాబాయి ఎక్కి కూర్చున్నాడు.

"నొక్కండి... అలాగే ఉంచండి... వదలండి." రెండుసార్లు సవ్యంగానే సాగింది. మూడోసారి బాబాయి కాలు తీయలేదు.

"వదలండి బాబాయిగారూ."

"వదలను. ఎనిమిది తీసుకుంటానను, వదులుతా."

"మాట అయిపోయిందిగా. ఐదే."

"ఎనిమిది."

"పోనీ, ఆరు."

"అమ్మో, మరీ అంత తక్కువా!"

"ఏడు. ఇంక మీ మాటా వద్దు, నా మాటా వద్దు."

"నా కాలికి సాయంత్రం దాకా వేరే పని లేదు."

బండి కింద మొదట దగ్గు వినిపించింది. తర్వాత అది నవ్వని తెలిసింది. "ఎనిమిదే! కాలు తియ్యండి మహాప్రభో!"

సాయంత్రం కూతురు ఖాళీ బండిని కొండ మీదికి తీసుకెళ్ళింది. పక్కన బాబాయి బిగదీసుకుని కూర్చున్నాడు. దిగేటప్పుడు సరిగ్గా నడివాలులో చెప్పాపెట్టకుండా బ్రేకు తొక్కింది. బండి ఎక్కడిదక్కడ ఆగిపోయింది. బాబాయి మధ్యాహ్నం నుంచి బిగపట్టిన ఊపిరి వదిలాడు. సంతోషంతో కళ్ళు చెమ్మగిల్లాయి.

"బాగా చేశాడు నాన్నా. ఐదూ ఇచ్చేశావా?"

"లేదు. ఎనిమిది ఇచ్చాను."

"అదేంటి, ఐదుకి ఒప్పుకున్నాడన్నావుగా?"

"ఒప్పుకున్నాడు." బాబాయి మీసం దువ్వుకున్నాడు. "నేను ఊరుకుంటానా? బేరమాడి ఎనిమిది చేశాను."

కూతురు స్టీరింగు మీద తల ఆనించి, పొట్ట పట్టుకుని నవ్వింది. ఒళ్ళు తెలియనంతగా నవ్వుతూనే కాలు మాత్రం బ్రేకు మీంచి తీయలేదు. అంత వాలులోనూ బండి అంగుళమైనా కదల్లేదు.