కొబ్బరిచెట్టుకే మీ ఓటు

తొంభైల్లో వచ్చిన పెద్ద తుపానుకి మా ఊళ్లో కరెంటూ, పంచాయతీ ఎన్నికలూ రెండూ ఆగిపోయాయి. ముందు తిరిగొచ్చింది ఎన్నికలే.

సర్పంచి పదవికి నిలబడిన మా బాబాయి గుర్తు కొబ్బరిచెట్టు. అది దక్కిన రోజున ఊరంతా మిఠాయిలు పంచాడు. కోనసీమలో కొబ్బరిచెట్టుని కాదనేవాడు ఉంటాడా అని ధీమా. తుపాను వెలిసి చూస్తే తోటలన్నీ నేలమీద పడుకుని ఉన్నాయి. గుర్తు మార్చమని వెళ్తే ఎన్నికల అధికారి, "బ్యాలెట్లు అచ్చయిపోయాయండీ. అందులో మీ చెట్టు నిలబడే ఉంది" అన్నాడు.

బాబాయి అప్పటికే ఒకసారి ఓడాడు. "ఈసారీ పోతే ఇంక అరుగు మీద కూచుని పేపరు చదువుకోవడమే" అని పిన్ని తేల్చేసింది.

కరపత్రాలు పట్టుకుని నేనూ బయల్దేరాను. దారికడ్డంగా పడ్డ చెట్లు ఎక్కి దిగుతూ మొదటి ఇంటికి చేరాం. కరపత్రం మీద చెట్టు బొమ్మ చూడగానే ఆ ఇంటి పెద్దాయన కండువా కళ్లకి అద్దుకున్నారు.

"మా నాన్నగారు వేసిన చెట్లండీ. కొడుకులు చూడకపోయినా అయ్యి చూసేయి."

మా వైపు కాపుకొచ్చిన చెట్టు పోతే మనిషి పోయినట్టే. పరామర్శకి వెళ్లినచోట కాఫీ తాగకూడదు, ఏమీ అడగకూడదు, లేచేటప్పుడు వెళ్లొస్తానని చెప్పకూడదు. బాబాయి మూడూ పాటించాడు.

వీధిలోకొచ్చాక అన్నాను, "ఓటు అడగలేదేంటి బాబాయ్?"

"అంత దుఃఖంలో ఉన్నాయన్ని ఎలా అడుగుతాన్రా?"

"పోనీ, పెద్దకర్మ అయ్యాక అడుగుదామా? పోలింగు మాత్రం ఆదివారమే."

ప్రతి ఇంట్లోనూ ఇదే వరస. అవతలాయన గుర్తు గొడుగు. ఆయన "ఇల్లు కారుతోందాండీ?" అంటూ వెళ్లి, ఓటు అడిగి, కాఫీ తాగి, వెళ్లొస్తానని చెప్పి మరీ వచ్చేవాడు.

కప్పు ఎగిరిపోయిన బడిలో టార్పాలిను కట్టి పోలింగు పెట్టారు. గాలి వీచినప్పుడల్లా అధికారి బ్యాలెట్ల మీద బోర్లా పడేవాడు. ఓటేసి వచ్చిన మొదటి ఇంటి పెద్దాయన బాబాయి చెయ్యి పట్టుకున్నారు.

"చెట్టుని చూస్తే కళ్లంట నీళ్లొచ్చేసేయండీ. పోయిందాని మీద ముద్రెలా కొడతాం? గొడుక్కేసేసేను. ఏమనుకోకండేం."

"ఆయ్, పర్లేదండీ" అన్నాడు బాబాయి.

బాబాయి ఓడిపోయాడు. మర్నాడు ఊరంతా మా ఇంటికొచ్చింది. చెప్పులు విప్పి, తలలు దించుకుని కూర్చున్నారు. పిన్ని తెచ్చిన కాఫీ ఒక్కరూ ముట్టలేదు. చెప్పకుండా ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు.

చల్లారిపోతున్న గ్లాసుల్లోంచి ఒకటి తీసుకుని, బాబాయి అరుగు మీద కూర్చుని పేపరు తెరిచాడు.