అరిగిన కొలత

ఒంటారియోలోని సార్నియాలో నేను నోరారా తెలుగు మాట్లాడే రోజు వారానికి ఒకటే ఉండేది. శనివారం. మిగతా రోజులు మెషిన్ షాపులో ఇంగ్లిష్, అదీ తక్కువే. చెవులకు మఫ్‌లు తగిలించుకుని లేత్ ముందు నిలబడేవాడికి మాటలతో పెద్దగా పని ఉండదు. అమ్మకు ఫోన్ చేసేవాణ్ణి. తిన్నావా, తిన్నాను, చలిగా ఉందా, ఉంది. అక్కడితో ఇద్దరికీ విషయాలు అయిపోయేవి. ఇక్కడి కాలేజీలో నాతో చదివినవాళ్ళు వర్క్ పర్మిట్ రాగానే పెద్ద నగరం పక్కనుండే బ్రాంప్టన్ వైపు వెళ్ళిపోయారు. నాకు ఉద్యోగం ఇక్కడే దొరికింది కాబట్టి ఉండిపోయాను.

ఆ శనివారాలు నాకు ఒక భోజనాల బల్ల దగ్గర దొరికాయి. నెలకోసారి తెలుగువాళ్ళ ఆరాధన అయ్యాక చర్చి హాల్లో భోజనం పెట్టేవారు. నేను ప్రార్థనకు వెళ్ళేవాణ్ణి కాదు, భోజనానికి వెళ్ళేవాణ్ణి. ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఒకసారి నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. గుంటూరు వైపు మనిషి. ఇక్కడి కెమికల్ ప్లాంటులో ఇంజనీరుగా చేసి ఎప్పుడో రిటైరయ్యారు. ఆయన భార్య పోయి నాలుగేళ్ళయింది.

"ఏం చదివావు బాబూ?"

"మెకానికల్, అంకుల్."

"పుస్తకం మెకానికలా, చేతి మెకానికలా?"

"రెండూ అంకుల్."

"అబ్బో! అయితే శనివారం మా ఇంటికి రా. ఏ చెయ్యి గట్టిదో తేలిపోద్ది."

వాళ్ళ ఇంటి వైపు శనివారం బస్సులు సరిగా ఉండవు. చివరి రెండు కిలోమీటర్లు నడిచి వెళ్ళాను. ఆయన నన్ను నేరుగా బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళి, బల్లకు నాలుగు బోల్టులతో బిగించి ఉన్న ఒక యంత్రాన్ని చూపించారు. తుపాకీ తూటాలను మళ్ళీ నింపే ప్రెస్సు. నా కంటే వయసులో చాలా పెద్దది.

గాల్లోకి ఎగిరే మట్టి బిళ్ళలను తుపాకీతో కొట్టే ఆట ఒకటి ఉంది. అంకుల్ ఈ దేశం వచ్చిన కొత్తలో ప్లాంటులోని స్నేహితులు ఆ క్లబ్బులో చేర్పించారట. అప్పటినుంచీ లైసెన్సు తప్పకుండా రెన్యూ చేయించుకుంటూ ఆడుతున్నారు. కాల్చేసిన ఖాళీ తూటాలను ఏరి తెచ్చి మళ్ళీ నింపుకోవడం ఆయన అలవాటు. పొదుపు కోసం కాదు. కొన్న తూటాలు భుజాన్ని గట్టిగా తంతాయి. ఆయన తన భుజానికి సరిపడేలా మెత్తగా నింపుకుంటారు.

యంత్రం పని చూడటానికి సులువు. మధ్యలో గుండ్రటి ప్లేటు, దాని చుట్టూ ఎనిమిది గూళ్ళు. హ్యాండిల్ ఒకసారి లాగితే ప్లేటు ఒక గూడు ముందుకు తిరుగుతుంది. ఒక గూట్లో తూటా అడుగున కాలిన పాత క్యాప్ ఊడుతుంది, ఒకదానిలో తుపాకీ మందు పడుతుంది, ఒకదానిలో సీసపు గుండ్లు, చివరి గూట్లో మూతి మూసుకుంటుంది. ప్లేటును నెట్టేది వేలి గోరంత ఉక్కు ముక్క. దాన్ని పాల్ అంటారు. అది ప్లేటు పళ్ళను ఒక్కొక్కటిగా తోస్తుంది. అంకుల్ ప్రెస్సులో ఆ పాల్ విరిగింది. తయారుచేసిన కంపెనీ మూతపడి ఎన్నో ఏళ్ళయింది. డ్రాయింగులు లేవు.

నా నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి రాసుకున్నాను. పాల్, విరిగింది. పాల్ స్ప్రింగు, సాగింది. మందు పడే గొట్టం బుష్, వదులు. హ్యాండిల్ పిన్, తుప్పు. అంకుల్ కళ్ళజోడు సర్దుకుని ఆ పేజీ చదివారు.

"నా మెడికల్ రిపోర్టులాగే ఉందయ్యా ఇది," అన్నారు.

విరిగిన రెండు ముక్కలనూ షాపుకు తీసుకెళ్ళి, కలిపి, మైక్రోమీటర్‌తో ప్రతి అంచునూ కొలిచాను. మిల్లీమీటరులో నూరో వంతు తేడా కూడా రాకుండా కొత్తది చేశాను. తర్వాతి శనివారం బిగించాం. అంకుల్ వంటింట్లోకి వెళ్ళి రెండు డబ్బాలు తెచ్చారు. ప్రెస్సును సరిచూడాలంటే అసలు సరుకు పోయకూడదని ఆయన నియమం. మందు బదులు గసగసాలు, గుండ్ల బదులు ఆవాలు. హ్యాండిల్ లాగారు. గసగసాలు సగం తూటాలో, సగం బల్ల మీద పడ్డాయి. రెండోసారి లాగితే ఆవాలు నేలంతా దొర్లాయి. ప్లేటు ప్రతి గూడు దగ్గరా వెంట్రుకవాసి ముందే ఆగిపోతోంది.

నాకు అర్థం కాలేదు. కొలతలు మళ్ళీ చూశాను. ఒక్కటీ తప్పలేదు. అంకుల్ పాత ముక్కను తీసుకుని దాని ముక్కు మీద బొటనవేలు రాసి నవ్వారు.

"ముప్పై ఏళ్ళు అరిగిందయ్యా ఇది. నువ్వు ఆ అరుగుదలను కూడా వదలకుండా కొలిచి, కొత్తదాన్ని అరిగిపోయినట్టే చేశావు. పుస్తకం చెయ్యే గెలిచింది."

నేను తల దించుకున్నాను. కాలేజీలో నాకు కొలవడం నేర్పారు. ఒక వస్తువు పుట్టినప్పుడు ఎంతుండేదో ఊహించడం నేర్పలేదు. ఇంకో రెండు చేశాను. ఒకటి పొట్టి. మరొకటి పొడుగై ప్లేటు పన్ను ఒకదాన్ని కొరికింది. "ఇక ఊహలు చాలు. అసలుదే దొరకాలి," అన్నారాయన.

అక్కడినుంచి వెతకడం మొదలైంది. ఒంటారియోలో అలాంటి క్లబ్బులన్నిటికీ వరసగా ఈమెయిల్ పెట్టాను. పాత ప్రెస్సుల వాళ్ళ ఫోరమ్‌లో ఫొటో, పార్ట్ నంబరు పెట్టాను. చనిపోయినవాళ్ళ సామాను అమ్మే ప్రకటనలు రోజూ భోజనం టైములో చూసేవాణ్ణి. ఎవరిని అడిగానో, ఏం జవాబొచ్చిందో పట్టికగా రాసి శనివారం అంకుల్‌కు చదివి వినిపించేవాణ్ణి. "కేంబ్రిడ్జ్ క్లబ్బు ఆయన లేదన్నాడు అంకుల్." "లేదన్నాడా, తెలీదన్నాడా?" "లేదన్నాడు." "అయితే కొట్టెయ్." ఆ తర్వాత పప్పు, అన్నం, ఆయన చేసిన కోడి వేపుడు. సాయంత్రం కారులో బస్‌స్టాపు దాకా దింపేవారు. వేసవి మొత్తం అలాగే గడిచింది.

సెప్టెంబరులో ఎక్కడో దూరాన సస్కాచెవాన్ రాష్ట్రం నుంచి ఒకావిడ జవాబు రాసింది. వాళ్ళ నాన్న పెట్టెలో మైనపు కాగితంలో చుట్టిన పాల్ ఒకటుందట, ఎన్నడూ వాడనిది. చేతికొచ్చాకే అంకుల్‌కు చెబుదామనుకున్నాను. వారంలో కవరు వచ్చింది. విప్పి కొలిచాను. నేను చేసినదాని కంటే ముక్కు దగ్గర మిల్లీమీటరులో నాలుగు పదో వంతులు ఎక్కువ. దాన్ని అరచేతిలో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాను. బిగించడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత నేను ఆ ఇంటికి వెళ్ళడానికి కారణం ఉండదు.

ఆ శనివారం బ్యాగులో పాల్ ఉంది. "ఏమైనా దొరికిందా?" అని అడిగారు. "లేదంకుల్," అన్నాను. నా నోట్‌బుక్‌లో నేను రాసిన అబద్ధం ఒక్కటే. సస్కాచెవాన్ పేరు ఎదురుగా "జవాబు లేదు" అని రాశాను. ఆయన పేజీ చూసి తలూపి, గిన్నెలో అన్నం వడ్డించారు.

రెండో శనివారం కూడా అదే. మూడో శనివారం ఆయన ఎడమచేత్తో గరిటె పట్టుకున్నారు. కుడి భుజం దగ్గర చొక్కా కింద నొప్పి పట్టీ అంచు కనిపించింది. క్లబ్బుకు కొన్న తూటాలతో వెళ్ళారట. "గాడిద తన్నినట్టు తన్నిందయ్యా," అని నవ్వేశారు. చెప్పేద్దామనుకున్నాను. చెప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా మీద నాకు అసహ్యమేసింది.

నాలుగో శనివారం గుమ్మంలోనే చెప్పాలని నిశ్చయించుకుని, కవరు చేతిలో పట్టుకుని వెళ్ళాను. ఆయన తలుపు తీసి, "కిందికి వెళ్ళే పని లేదు, కూర్చో," అన్నారు. నేను ఆగకుండా మెట్లు దిగాను. బల్ల మీద నాలుగు బోల్టు రంధ్రాలే మిగిలాయి.

"ఒషావా ఊరి నుంచి ఒకతను గురువారం వచ్చి పట్టుకెళ్ళాడు," వెనక నుంచి అన్నారు. "అతనికీ ఇదే మోడల్ ఉందంట. పార్టులకి పనికొస్తుందన్నాడు. ఈ భుజం ఒప్పుకోవట్లేదయ్యా. తుపాకీ కూడా ఇచ్చేస్తానని క్లబ్బులో చెప్పేశా."

నేను కవరు ఇచ్చాను. ఆయన మైనపు కాగితం విప్పి, కిటికీ వెలుగులో పాల్‌ను అటూ ఇటూ తిప్పి చూశారు. దాని ముక్కు మీద బొటనవేలు రాశారు.

"ఎప్పుడొచ్చింది?"

"మూడు వారాలైంది అంకుల్."

"ఇన్నాళ్ళూ ఏం చేశావు?"

"బ్యాగులోనే ఉంది."

ఎందుకని ఆయన అడగలేదు. ఆ భుజాన్ని ఒకసారి తడుముకున్నారు. ఆయన తిట్టి ఉంటే నాకు బాగుండేది.

"ఒషావా అతనికి పంపించు. అతనిది కూడా అరుగుతుంది ఎప్పటికైనా," అని కవరు నా చేతిలో పెట్టారు. తర్వాత మెట్లెక్కుతూ, వెనక్కి తిరగకుండా అన్నారు, "నువ్వు రావాలంటే మా ఇంట్లో ఏదో ఒకటి చెడిపోవాలా ఏంటి? పద, అన్నం చల్లారిపోద్ది."

పని లేకపోయినా తర్వాతి శనివారం వెళ్ళాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాతావరణం గురించి మాట్లాడాం. ఇక్కడే ఉండిపోవడానికి నేను పెట్టిన పీఆర్ అప్లికేషన్ గురించి అడిగారు, చెప్పాను. తిన్నావా, తిన్నాను. నలభై నిమిషాలకు విషయాలు అయిపోయాయి. నా భయం వట్టిది కాదని అప్పుడు తెలిసింది. మేమిద్దరం ఇన్నాళ్ళూ ఆ యంత్రం గురించే మాట్లాడుకున్నాం. అది లేని చోట మా మధ్య చాలా ఖాళీ ఉంది.

లేచి జాకెట్ వేసుకున్నాను. ఆయన గరాజ్ దాకా వచ్చి తలుపు దగ్గర ఆగారు.

"ఈ తలుపు రోలర్లు ఈమధ్య ఒకటే మోత చేస్తున్నాయి. వచ్చే వారం ఓసారి చూస్తావా?"

నేను బటన్ నొక్కి తలుపు పైకి ఎత్తాను. మళ్ళీ దించాను. ఎక్కడా చిన్న చప్పుడు కూడా లేదు. ఆయన నా వైపు చూడకుండా రోడ్డు వైపు చూస్తున్నారు.

"అవునంకుల్. చేస్తున్నాయి," అన్నాను.