బ్యాటరీ రంపం గురించి నేను రాయని ఒక్క వాక్యం

నాలుగేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. తిన్న ముద్ద కూడా దాని పక్క నుంచే దిగుతోంది. మా ఆవిడకు చెప్పలేదు. కడుపున పుట్టిన పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకైతే చెప్పగలనేమో అనిపిస్తోంది. నా పేరు మాత్రం అడగకండి. పటాన్‌చెరు చుట్టుపక్కల పాతికేళ్లు వడ్రంగం చేసిన మనిషిని అనుకోండి, చాలు.

ఒక మనిషి ఎడమ చేతి వేళ్లు మూడు పోయాయి. అవి తెగిన మిషన్ మంచిది కాదని నాకు ముందే తెలుసు. తెలిసీ చెప్పలేదు. తర్వాత అంతకంటే పెద్ద తప్పు చేశాను. రెండో దాని గురించి రాయడానికే చేయి ఆడటం లేదు. కాబట్టి మొదటి నుంచీ వస్తాను.

ఆ మనిషి పేరు దానియేలు అనుకుందాం. కర్దనూర్ వాడు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. పదమూడేళ్లు ఇద్దరం కలిసి పనిచేశాం. మొదట్లో నేను మేస్త్రిని, అతను నా కింద. కొన్నాళ్లకే పనిలో నన్ను దాటిపోయాడు. అతను బిగించిన తలుపు చలికాలంలోనూ వానాకాలంలోనూ ఒకేలా మూసుకునేది. నేను కళ్లు చికిలించి టేపు చూస్తుంటే లాక్కునేవాడు, "అన్నా, నీ కండ్లకు ఇగ అంకెలు కనవడయ్ గానీ నాకియ్యి" అని ఆటపట్టించేవాడు. ఆదివారం చర్చికి పోవాల్సిందే, ఆ రోజు ఎంత బతిమాలినా పనికి రాడు. అబద్ధం ఆడటం చేతకాని మనిషి. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే నేను నోరు మూసుకున్నది ముఖ్యంగా దీనివల్లే.

అప్పుడు కిష్టారెడ్డిపేటలో కొత్త ఇళ్లకు చెక్క పని చేస్తున్నాం. వరుసగా ఇళ్లు లేచాయి గానీ కరెంటు మీటర్లు ఇంకా రాలేదు. ఎక్కడో జనరేటర్ పెట్టి, ఇంటింటికీ వైరు లాగి, ఆ వైరు మీద ఎవరి కాలు పడుతుందో అని చూసుకుంటూ పని. అలాంటప్పుడు మా కాంట్రాక్టర్ సారు ఒక కంపెనీ మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. బ్యాటరీతో నడిచే టేబుల్ రంపం తెచ్చారు. పదిహేను రోజులు మా దగ్గరే ఉంచుతాం, వాడి చూసి ఎలా ఉందో మేస్త్రి రాసివ్వాలి, బాగుంటే అన్ని సైట్లకూ ఇవే కొంటాం అన్నారు. మేస్త్రి అంటే నేనే.

నిజం చెప్పాలంటే మిషన్ ముచ్చటగా ఉంది. ఒక్క మనిషే ఎత్తుకుని మేడ ఎక్కొచ్చు. చెక్క ఆనించే గైడు పట్టీ ఒకసారి బిగిస్తే వెంట్రుకవాసి కూడా కదలదు. ప్లై షీటు చీలిస్తే అంచు పెచ్చు లేవదు. పొద్దున పెట్టిన బ్యాటరీ అన్నం వేళ దాకా వచ్చేది. పచ్చి టేకు చెక్క పెడితే మాత్రం కాస్త మూలిగేది. ఇవన్నీ రాసిచ్చాను. ప్రతి అక్షరం నిజమే.

ఇక్కడ మా పనివాళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. మాకు కొన్న టేబుల్ రంపాలు ఎప్పుడూ లేవు. చేతి రంపం మిషన్‌ను ప్లై బల్ల కింద తలకిందులుగా బిగించేవాళ్లం. దాని స్విచ్‌ను ఎప్పటికీ ఆన్‌లో ఉండేలా బైండింగ్ వైరుతో కట్టేసేవాళ్లం. నడపడం, ఆపడం అంతా గోడ మీది బోర్డు దగ్గరే. ఇరవై ఏళ్లు అలా చేసిన చేతులకు మిషన్‌కు సొంత స్విచ్ ఒకటి ఉంటుందన్న ధ్యాసే పోయింది. కొత్త మిషన్ వచ్చినా అదే వరస. బ్యాటరీ దిగిపోయి బ్లేడు ఆగితే, స్విచ్ పైకే, అంటే ఆన్‌లోనే ఉండగా పాత బ్యాటరీ పీకి కొత్తది తోసేవాళ్లం. కంపెనీ మనిషి మొదటి రోజే ఇది చూసి నవ్వాడు. "పర్వాలేదు, స్విచ్ పైన ఉన్నా బ్యాటరీ పెట్టంగనే తిరగదు. కిందికి నూకి మళ్లా పైకి నూకితెనే తిరుగుతది. మీలాంటోళ్ల కోసమే గట్ల జేసిన్రు" అన్నాడు. మా కళ్ల ముందే పెట్టి చూపించాడు. తిరగలేదు.

నాలుగో రోజు తిరిగింది.

మేడ మీద నేనొక్కడినే ఉన్నాను. కోత సగంలో ఉండగా బ్యాటరీ దిగిపోయింది. ఎడమ చేయి ప్లై మీదే ఉంచి, కుడి చేత్తో కొత్త బ్యాటరీ తోశాను. స్విచ్ ముట్టుకోలేదు. బ్లేడు గుయ్యిమంది. ప్లై ఎగిరి వచ్చి నా పొట్టకు తగిలింది. వేళ్లకు ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో తెలియదు. గోడకు ఆనుకుని నిలబడిపోయాను. తర్వాత దూరంగా నిలబడి మళ్లీ పెట్టి చూశాను. తిరగలేదు. మళ్లీ పెట్టాను. తిరగలేదు. మూడోసారి తిరిగింది. కాసేపాగి ఇంకోసారి పెట్టాను, అప్పుడూ తిరిగింది. అంటే అప్పుడప్పుడు. ఎప్పుడు తిరుగుతుందో ఎప్పుడు తిరగదో దానికే తెలియాలి.

చుట్టూ చూశాను. ఎవరూ లేరు. ఎవరూ లేకపోవడం నాకు హాయిగా అనిపించింది. ఎందుకు? భయపడిన మనిషి ఎవరినైనా కేకేస్తాడు గదా? నేను ఎవరూ చూడలేదని ఊపిరి పీల్చుకున్నాను. అంటే దాచాలని అప్పటికే నా లోపల నిర్ణయం అయిపోయిందా?

కారణం ఉంది. కారణం అనడానికి సిగ్గేస్తోంది గానీ ఉంది. అప్పటికి ఏడాదిగా నా నడుము పోయింది. షీటు ఎత్తితే కాళ్లలోకి కరెంటు కొట్టినట్టు లాగేది. బరువులు ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు. వడ్రంగి బరువు ఎత్తకుండా ఏం తింటాడు? ఆ ముందు రోజే కంపెనీ మనిషి నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఈ మిషన్ ఇక్కడ నిలబడితే, పని తెలిసిన మేస్త్రి ఒకరు కావాలి, సైట్లకు తిరిగి నడిపి చూపించాలి, బరువులు మోసే పని ఉండదు, నిన్నే పెట్టిస్తా అని. ఆ రాత్రి మా ఆవిడతో చెప్పుకుని సంబరపడ్డాను. మర్నాడు ఇది. మిషన్‌లో లోపం ఉందంటే మిషన్ వెనక్కి పోతుంది. దాంతోపాటు నా ఉద్యోగమూ పోతుంది.

పదిహేనో రోజు ఫోన్లో ఫారం నింపాను. ప్రమాదం అనిపించినది ఏమైనా ఉందా అని ఒక గడి. 'అప్పుడప్పుడు' అని టైపు చేశాను. ఆ ఒక్క మాటే. తుడిపేసి 'లేదు' అని పెట్టాను.

సరే, ఫారంలో రాయలేదు. దానియేలుకు నోటిమాటగానైనా చెప్పొచ్చు గదా? స్విచ్ కిందికి నూకి బ్యాటరీ పెట్టు తమ్మీ అంటే సరిపోయేది. ఎన్నోసార్లు నన్ను నేను అడిగిన ప్రశ్న ఇదే. జవాబు తెలుసు. ఎందుకన్నా అని అడిగేవాడు. నేను చెప్తే ఆ సాయంత్రమే పోయి సారుకు చెప్పేవాడు. అతనికి దాచడం రాదు. అతను మంచివాడు కాబట్టే అతనికి చెప్పలేదు. కాస్త దొంగబుద్ధి ఉన్నవాడైతే చెవిలో వేసేవాణ్ణి, అతని వేళ్లు ఈపాటికి ఉండేవి.

నా ఫారం చూసి మిషన్‌ను మా సైట్‌లోనే ఉంచేశారు. మూడు వారాలు ఏమీ కాలేదు. నేను మెల్లగా మరిచిపోవడం కూడా మొదలుపెట్టాను. ఆ రోజు పొద్దున పది దాటింది. పక్క గదిలో కిటికీ చట్రం బిగిస్తున్నాను. రంపం చప్పుడు వినిపించింది, వెంటనే మారిపోయింది. "అన్నా!" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. పరుగెత్తాను. తువ్వాలు చుట్టాను, ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాను. దారి పొడుగునా అతను ప్రార్థన చేస్తున్నాడు. ప్రార్థన మధ్యలో ఆగి, "నీ అంగీ ఖరాబైందన్నా" అన్నాడు.

మర్నాడు సారు, కంపెనీ మనిషి వచ్చి మిషన్ పరీక్ష చేశారు. నాలుగుసార్లు బ్యాటరీ పెట్టారు. నాలుగుసార్లూ తిరగలేదు. నీ దగ్గరున్న పదిహేను రోజుల్లో ఎప్పుడైనా ఇలా అయిందా అని నన్ను అడిగారు. లేదన్నాను. పెట్టగానే తిరిగిందని వాడంటున్నాడే మరి అన్నారు. స్విచ్ కిందికీ పైకీ నెట్టి ఉంటాడు సార్, కంగారులో గుర్తులేక అలా అంటున్నాడు అన్నాను. అలాగే కాగితం మీద రాసుకున్నారు. పనివాడి అజాగ్రత్త అని.

రెండో తప్పు అన్నాను గదా. అది ఇప్పుడు.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. దానియేలు భార్య సుగుణ బయట టీ తాగడానికి వెళ్లింది. అతను కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ ఉన్నాడు.

"అన్నా, నువ్వు చెప్పు. నేను స్విచ్ ముట్టలేదే. బ్యాటరీ పెట్టిన, అంతే. ముట్టిన్నా?"

నేను నీళ్ల సీసా మూత తీసి అతని పక్కన పెట్టాను.

"సార్ వచ్చి నువ్వే స్విచ్ వేసినవ్ అంటుండు. నాకైతే యాదికొస్తలేదు. నువ్వు పదిహేను దినాలు నడిపినవ్ గదా. నీకు గిట్లెప్పుడన్నా అయిందా?"

"లేదు తమ్మీ."

"ఒక్కసారి గూడ?"

"లేదు. నువ్వే వేసి ఉంటవ్. గాబరాల యాది ఉండదు. జెర సోయి తప్పినట్టుంది, గంతే."

కట్టు చేతిని దుప్పటి కిందికి లాక్కున్నాడు. తర్వాత, "అట్లనే అయ్యుంటది అన్నా. నువ్వెందుకు అబద్ధం ఆడుతవ్" అన్నాడు.

కిందికి నెట్టి, మళ్లీ పైకి నెడితేనే నడిచే స్విచ్ అది. రెండు పనులు. తెలియకుండా ఒక మనిషి రెండు పనులు చేయడని నాకు తెలుసు. వేళ్లు మిషన్ తీసింది. తన మీద తనకున్న నమ్మకాన్ని మాత్రం నేను, నా నోటితో, మంచం పక్కన కూర్చుని తీసేశాను.

రెండు నెలల తర్వాత వాళ్ల చర్చిలో సాక్ష్యం చెప్పాడు. దేవుడు చేసిన మేలును అందరి ముందు నిలబడి చెప్పడం వాళ్లకు ఆనవాయితీ. నన్ను కూడా పిలిచాడు. నా అజాగ్రత్తకు ప్రాణమే పోవాల్సింది, దేవుడు వేళ్లతో సరిపెట్టాడు, ఈ అన్న రూపంలో వచ్చి కాపాడాడు అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. చప్పట్లు కొట్టారు. సుగుణ నాకే ముందు అన్నం వడ్డించింది. తిన్నాను. ఎలా తిన్నానని అడగకండి, తిన్నాను.

ఉద్యోగం వచ్చింది. కంపెనీ చొక్కా ఇచ్చారు. ఏడాది తిరిగాక ఒక ఉత్తర్వు వచ్చింది. ఎక్కడో ఒక వడ్రంగి ఫిర్యాదు రాశాడట, బ్యాటరీ పెట్టగానే ఒక్కోసారి బ్లేడు తిరుగుతోందని. పాత మిషన్లన్నిటికీ స్విచ్ మార్చమన్నారు. పాశమైలారం సైట్లకు వెళ్లి నా చేతులతోనే మార్చాను. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి నేను రాయాల్సిన వాక్యం రాశాడు, దానికి అంతా కదిలారు. అంత తేలికా? ఆ కాగితం తీసుకుని దానియేలు దగ్గరకు పరుగెత్తాల్సింది. నీ తప్పు లేదు, ఇదిగో రుజువు అనాల్సింది. అంటే మరుక్షణం అతను అడిగే ప్రశ్న నాకు తెలుసు. కాగితం మడిచి బీరువాలో చీరల కింద పెట్టాను. నేను ఇంత నీచుణ్ణని అంతకుముందు నాకూ తెలియదు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన నెల ఒక సంగతి జరిగింది. దానియేలు ఇప్పుడు ఒక మందుల కంపెనీ గేటు దగ్గర వచ్చే బండ్ల నంబర్లు రాసుకుంటూ ఉంటాడు. అలాంటి తలుపులు బిగించిన మనిషి. ఒక ఫర్నిచర్ యూనిట్ వాళ్లు, పని చూసుకునేవాడు కావాలి, కొలతలు తెలిస్తే చాలు, చేతిపని అక్కర్లేదు అంటే, నేనే దానియేలు పేరు చెప్పాను. వాళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు. ఏదో కొంత తీర్చుకుంటున్నానని లోపల మురిసిపోయాను కూడా. గేటు దగ్గరకు వెళ్లి చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"వద్దన్నా. నా చెయ్యి ఏం జేస్తుందో నాకే తెల్వదు. నావంటోన్ని మిషన్లకాడ వెడితె ఇంకెవరిదన్న పాణం మీదికి తెస్త. నువ్వు సూసినవ్ గదా."

నేను చూశాను. అవును, బ్లేడు దానంతటదే తిరగడం చూసింది నేనే.

ఆ చోటు ఇంకా ఖాళీగా ఉంది. ఈ నెలాఖరు దాకా చూస్తామన్నారు. నేను వెళ్లి నాలుగు మాటలు చెబితే చాలు, దానియేలు తలెత్తుకుని ఆ గేటు దాటి బయటికి వస్తాడు. మూడుసార్లు బండి తీశాను. రెండుసార్లు కర్దనూర్ దాకా వెళ్లి తిరిగొచ్చాను. సుగుణ మొహం ఎలా చూడను? అన్నా అని పిలవడం మానేస్తే ఎలా బతకను? ఇలా ఆలోచిస్తూ ఇప్పటికీ నా గురించే ఆలోచిస్తున్నానని తెలుస్తోంది, తెలిసినా ఆగడం లేదు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు మీది కాదు. ఒక్క మాటైనా బయట పెట్టకపోతే చచ్చిపోతాననిపించి రాశాను. రాశాక చూస్తే గొంతులో కొంచెం ఊపిరి ఆడుతోంది. అంతే, దానికి మించి ఏమీ జరగలేదు.

దానియేలూ, నువ్వు స్విచ్ ముట్టలేదు.