తెర మీద పడుకున్న మా అత్త

మా మేనత్త పోయిందని పోయిన నెలలో ఓ మధ్యాహ్నం బావ ఫోన్ చేసి చెప్పాడు. ఇసకలో చేపలు ఎండబెట్టి వచ్చి, అరుగు మీద నడుం వాల్చిందట. మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. మా ఆస్పత్రి కంప్యూటరులో ఉన్న అత్త గుర్తొచ్చింది.

శ్రీకాకుళం దగ్గర సముద్రపొడ్డున వాళ్ల ఊరు. టౌన్లో కాలేజీ చదివినన్నాళ్లూ నేను అత్త ఇంట్లోనే ఉన్నాను. పొద్దున్నే నేను కాలేజీకి, ఆవిడ తట్టతో చేపలమ్మడానికి ఒకే ఆటోలో అరసవల్లి మీదుగా వెళ్లేవాళ్లం. చేపల వాసనకి ఎవరైనా ముక్కు మూసుకుంటే, అత్త పక్కకి తప్పుకునేది కాదు. వాళ్లకే ఇంకాస్త దగ్గరగా జరిగి కూచునేది.

ఆ తీరంలో చాలామంది ఆడవాళ్లలాగే ఆవిడకీ అడ్డపొగ అలవాటు. చుట్టని నిప్పున్న కొస నోట్లో ఉండేలా పెట్టుకుని పెదాలు మూసేసేది. నిప్పు ఎక్కడా కనిపించదు. మాట్లాడుతుంటే ముక్కులోంచి పొగ మెల్లగా దిగుతూ ఉంటుంది. వద్దత్తా అని ఎన్నిసార్లు బతిమాలినా, గాలికి ఆరిపోకుండా దాచుకున్నానని నవ్వేసేది.

పెద్ద తుఫాను వచ్చిన మరుసటి ఏడాది అత్త అంగిట్లో పుండు తేలింది. కేన్సరన్నారు. అప్పటికి నేను కేన్సర్ ఆస్పత్రిలో, రేడియేషన్ ప్లానింగ్ గదిలో పనిచేస్తున్నాను. స్కాన్ మనిషిని పలచటి పొరలుగా చూపిస్తుంది. ఒక్కో పొర మీద కన్ను ఎక్కడుందో, దవడ ఎక్కడుందో, పుండు ఎంతవరకు పాకిందో గీత గీయాలి. కిరణాలు దేన్ని తాకాలో, దేన్ని తప్పించాలో ఆ గీతలే చెబుతాయి. కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ కళ్లకీ దవడకీ తనంతట తానే గీతలు గీసేది. పుండు చుట్టూ మాత్రం డాక్టరుగారే గీసేవారు.

స్కాన్ వరకూ ఒప్పుకున్న అత్త, వైద్యం మాటెత్తేసరికి మొరాయించింది. కనబడని నిప్పుతో కాలుస్తారట, తనకొద్దంది. తన నోట్లో ఏముందో చూపిస్తే అప్పుడు ఆలోచిస్తానంది. డాక్టరుగారి అనుమతి తీసుకుని ఆవిడని మా గదిలోకి తీసుకెళ్లాను.

ఒక్క మీట నొక్కితే సాఫ్ట్‌వేర్ పొరలన్నీ పేర్చి ముఖం కడుతుంది. రోజూ చూసేదే. కానీ ఆ రోజు తెర మీదికి వచ్చింది మా అత్త. జుట్టు లేదు. బూడిదరంగు ముఖం. కళ్లు మూసుకుని ఉంది.

అత్త చాలాసేపు దానికేసి చూసింది.

"ఊపిరి ఆడతన్నాదా దానికి?"

బొమ్మే కదత్తా అన్నాను. ఆవిడ మాత్రం దాని ముక్కు దగ్గర చూపు పెట్టి, ఆడుతుందేమోనని కనిపెట్టుకుని ఉంది. పుండు చూపిద్దామని నేను మౌసుతో ఆ ముఖాన్ని మెల్లగా ఎడమకి తిప్పాను. పక్క కుర్చీలో అత్త తల కూడా మెల్లగా ఎడమకి తిరిగింది. నా చెయ్యి ఆగిపోయింది. ఆవిడ తలా ఆగింది.

"సాలే, ఇంక తిప్పకు. మెడ నొప్పెడతన్నాది."

తర్వాత పొరల్లోకి వెళ్లి, ఎర్రగీత మధ్యనున్న పుండు చూపించాను. అత్త లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"సేయించుకుంటాను. అది ఇక్కడే పడుకుంటాది. నేను ఇంటికి పోతాను."

వైద్యం నడిచిన ఆ వారాలు నరకం చూసింది. గంజి కూడా మింగలేకపోయింది. కానీ పుండు మానింది. చుట్ట మానేసింది. మళ్లీ చేపలమ్మింది, మనవరాలిని బడికి పంపింది. ఆ ఏళ్లన్నీ మాకు దొరికినందుకు ఇవాళ్టికీ నాకు కృతజ్ఞతే. అప్పుడప్పుడు ఫోన్ చేసి, కబుర్లన్నీ అయ్యాక గొంతు తగ్గించి, అది ఇంకా అక్కడే ఉందా, ఏం చేస్తోంది అని అడిగేది. పడుకుందత్తా అనేదాన్ని.

"పడుకోనీ. నువ్వు ముట్టకు."

కబురు విని నేను వెళ్లేసరికి అరుగు మీదే ఉంచారు. చూసి వాకిట్లోనే నిలబడిపోయాను. ముఖానికి పసుపు రాసి ఉంది గానీ, కళ్లు మూసుకున్న ఆ ముఖం నాకు కొత్త కాదు. తల కొద్దిగా ఎడమకి వాలి ఉంది.

పెద్దకార్యం నాడు బావ నన్ను పక్కకి పిలిచాడు. "అమ్మ పొటో ఒక్కటీ సరింగా నేదు. నీ కాడున్న ఆ బొమ్మ తెత్తావేటి?"

అత్త ముట్టొద్దంది బావా అన్నాను. అతను మళ్లీ అడగలేదు. అడిగినందుకే భయపడినట్టు గబగబా పెరట్లోకి వెళ్లిపోయాడు.

చివరికి ఫొటో పెట్టాల్సిన స్టూలు మీద ఆవిడ చేపల తట్టని కడిగి, బోర్లించి, దండ వేశారు. దాని అంచు నుంచి నీటిబొట్లు కారుతున్నాయి. ఎండ గట్టిగా ఉంది. భోజనాలయ్యాయి, వచ్చినవాళ్లు వెళ్లిపోయారు, కుర్చీలు మడిచేశారు. నేను బయల్దేరేటప్పటికి కూడా ఆ స్టూలు కింద నేల తడిగానే ఉంది.